బిడ్డను దత్తత తెచ్చుకోవడానికి విదేశం వెళ్తున్నారా? టికెట్ కొనే ముందు నుంచి ఇల్లు చేరాక దాకా ఏం చేయాలి

“టికెట్లు ఎప్పుడు బుక్ చేసుకోవాలి?” వేరే దేశం నుంచి బిడ్డను దత్తత తెచ్చుకోబోయే వాళ్లు అందరికంటే ముందు అడిగేది ఇదే. దాని వెనకే మిగతావి వస్తాయి. అక్కడ ఎన్నాళ్లు ఉండాలి? పాలపొడి ఇక్కణ్నుంచే పట్టుకెళ్లాలా? బిడ్డ మా దగ్గరికి రాకపోతే ఏం చేయాలి? విమానంలో ఏడుపు ఆపకపోతే? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాయడం మేలనిపించింది.

ముందుగా ఒక మాట. ఈ ప్రయాణంలో తేదీలు మీ చేతిలో ఉండవు, కాగితాల చేతిలో ఉంటాయి. ఏ కాగితం వచ్చాక ఏ అడుగు వేయాలో తెలిస్తే సగం కంగారు అక్కడే తగ్గుతుంది. ఆ వరస తప్పితే బిడ్డకు వీసా రాదు, బిడ్డను వదిలి మీరూ రాలేరు. హోటల్ గదిలో రోజులు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

హోమ్ స్టడీ (దత్తతకు మీ ఇల్లు, కుటుంబం తగినవో కాదో చూసే పరిశీలన) అయిపోయి, బిడ్డ వివరాల కోసం చూస్తున్నవాళ్లకు, వివరాలు అందినవాళ్లకు ఇది రాస్తున్నాను. దత్తత తీసుకోవాలా వద్దా అన్న చర్చ ఇందులో లేదు. మీరు ఉండే దేశం, బిడ్డ పుట్టిన దేశం, ఈ రెండిటినీ బట్టి నియమాలు మారతాయి. ఉదాహరణలు ఎక్కువగా అమెరికావి ఇచ్చాను. మీది వేరే దేశమైతే ఫారాల పేర్లు మారతాయి కానీ తర్కం చాలావరకు అదే.

దగ్గర ఉండాల్సినవి

- ఇంకా గడువున్న హోమ్ స్టడీ నివేదిక, మీ దేశం ఇచ్చిన అర్హత అనుమతి. అమెరికాలో ఉంటే, దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. ఇద్దరికీ గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే ఈ దారిలో వెళ్లలేరు.
- పాస్‌పోర్టులు. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. చాలా దేశాలు ఇదే అడుగుతాయి.
- పెళ్లి, జనన, పోలీసు, ఆదాయ ధ్రువపత్రాలు. నోటరీ, అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) ముద్రలతో అసలు ప్రతులు, మూడు సెట్ల నకళ్లు, ఫోన్లో స్కాన్లు.
- దత్తత ఏజెన్సీతో రాసుకున్న ఒప్పందం, ఇప్పటిదాకా కట్టిన ప్రతి రుసుముకూ రసీదు.
- దంపతుల్లో ఒక్కరే వెళ్తుంటే, రెండోవారు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ. బిడ్డ దేశం కోరిన భాషలో, కోరిన పద్ధతిలో ఉండాలి.
- ఆఫీసులో సెలవు. అనుకున్న రోజుల మీద ఇంకో రెండు మూడు వారాలు అదనంగా అడిగి పెట్టుకోండి.

1. ఆ దేశం తలుపు ఇంకా తెరిచే ఉందా?

నిరుడు తెరిచి ఉన్నదని ఈ ఏడు కూడా ఉంటుందనుకోకండి. గ్వాటెమాలా 2007 చివర్లో చట్టం మార్చి కొత్త దరఖాస్తులు ఆపేసింది. అమెరికా కుటుంబాలకు పిల్లల్ని ఇవ్వకూడదని రష్యా 2013 జనవరి నుంచి నిషేధం పెట్టింది. అప్పటికే పిల్లల్ని కలిసి వచ్చిన కుటుంబాలు కూడా ఆగిపోయాయి. ఇథియోపియా 2018లో, చైనా 2024లో ఆపేశాయి. చైనా దగ్గరి రక్తసంబంధీకుల పిల్లల, సవతి పిల్లల దత్తతకు మాత్రమే మినహాయింపు ఉంచింది.

ఎలా తెలుసుకోవాలి? ఏజెన్సీ మాట ఒక్కదాన్నే నమ్ముకోకండి. మీ దేశపు దత్తత అధికార సంస్థ వెబ్‌సైట్‌లో ఆ దేశం పేజీ తెరిచి, చివరిసారి ఎప్పుడు మార్చారో తేదీ చూడండి. డబ్బు కట్టే ప్రతి దశకు ముందు మళ్లీ చూడండి. ఐదు నిమిషాల పని.

2. కాగితాల వరస కంఠతా పట్టండి

1993 మే 29న నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో కుదిరిన అంతర్దేశ దత్తత ఒప్పందమే ఇప్పుడు చాలా దేశాలకు ఆధారం. అందులో మీకు పనికొచ్చేవి కొన్ని అధికరణాలే.

ముందు మీరు అర్హులని, బిడ్డను తమ దేశంలోకి రానిస్తామని మీ దేశం చెప్పాలి. ఇది 5వ అధికరణం. బిడ్డ గురించిన నివేదిక అటునుంచి రావాలి. ఇది 16. ఈ దత్తత ముందుకు సాగవచ్చని రెండు దేశాల అధికార సంస్థలూ ఒప్పుకోవాలి. ఇది 17. అప్పటిదాకా బిడ్డను మీ చేతికి అప్పగించకూడదు. దత్తత పూర్తయ్యాక, అంతా ఒప్పందం ప్రకారమే జరిగిందని ఇచ్చే ధ్రువపత్రం 23. ఆ పత్రం ఉంటే ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ ఈ దత్తతను గుర్తించాలి.

అమెరికా నుంచి ఈ హేగ్ ఒప్పందంలో ఉన్న దేశానికి వెళ్లేవాళ్లకు వరస ఇలా ఉంటుంది: ముందు ఐ-800ఏ (మీ అర్హత కోసం వేసే ఫారం), తర్వాత బిడ్డ వివరాలు, ఆపై ఐ-800కు (ఆ బిడ్డ కోసం వేసే ఫారం) తాత్కాలిక ఆమోదం, వీసా దరఖాస్తు, ఎంబసీ ఇచ్చే 5వ అధికరణం లేఖ, అప్పుడు అక్కడ దత్తత, చివర్లో వీసా. ఐ-800 వేయకముందే అక్కడి కోర్టులో దత్తత పూర్తి చేసేసుకుంటే బిడ్డ వీసాకే ముప్పు. “త్వరగా అయిపోతుంది, కోర్టు పని కానిచ్చేద్దాం” అని స్థానికంగా ఎవరైనా తొందరపెడితే ససేమిరా అనండి.

హేగ్ ఒప్పందంలో లేని దేశమైతే ఐ-600ఏ, ఐ-600 ఫారాలు. అక్కడ వరసే వేరు, సాధారణంగా అక్కడి దత్తత లేదా సంరక్షణ ఉత్తర్వు ముందు వస్తుంది. అందుకే మరో దేశం నుంచి బిడ్డను తెచ్చుకున్న స్నేహితులు “మేమైతే ఇలా చేశాం” అని చెప్పింది మీకు పనికిరాకపోవచ్చు. బ్రిటన్‌లో ఉండేవాళ్లకు ఇంకో హెచ్చరిక. అర్హత ధ్రువీకరణ లేకుండా దత్తత కోసం బిడ్డను దేశంలోకి తేవడం అక్కడ నేరం.

ఈ మూడు మాటల్లో ఏది వినిపించినా ఆగిపోండి:

- “ముందోసారి వచ్చి తల్లిని, బిడ్డను చూసి వెళ్లండి.” అర్హతలు, సమ్మతులు తేలకముందు కన్నవాళ్లతో గానీ బిడ్డను చూసుకుంటున్నవాళ్లతో గానీ మీరు కలవకూడదని 29వ అధికరణం చెబుతుంది. బంధువుల మధ్య జరిగే దత్తతకు మినహాయింపు ఉంది. అధికార సంస్థ పెట్టిన షరతుల ప్రకారమైతే కలవచ్చు.
- “తల్లికి నెలలు నిండుతున్నాయి, ఇప్పుడే మాట్లాడి పెడతాం.” తల్లి సమ్మతి అవసరమైన చోట, అది బిడ్డ పుట్టాక ఇచ్చినదే చెల్లుతుంది.
- “విరాళం నగదుగా తెండి, రసీదు తర్వాత చూద్దాం.” దత్తతతో ఎవరూ అక్రమ లాభం పొందకూడదన్నది 32వ అధికరణం. రాసిపెట్టిన రుసుములు, ఖర్చులు తప్ప ఇంకేమీ ఇవ్వకండి. కన్నవాళ్లకు బహుమతులు కూడా వద్దు. మీరు జాలిపడి ఇచ్చినదే రేపు కొనుగోలుగా కనిపించవచ్చు.

3. బిడ్డ ఫైలును డాక్టరుతో చదివించండి

ఫోటో చూడగానే మనసు ఇచ్చేస్తారు. అది సహజం. కానీ సంతకం పెట్టే ముందు ఫైలును పిల్లల డాక్టరుకు చూపించండి. అంతర్దేశ దత్తత ఫైళ్లు చదవడం అలవాటున్న వైద్యులు కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో ఉంటారు. దొరికితే వాళ్లకే చూపించండి.

వాళ్లు చూసేది ఒక్కరోజు కొలత కాదు, వరస. బరువు, పొడవు, తల చుట్టుకొలత ఏ తేదీన ఎంత ఉన్నాయో అడిగి తెప్పించండి. తల చుట్టుకొలత గీత పైకి వెళ్తోందా, ఆగిపోయిందా అన్నది ముఖ్యం. సంస్థల్లో పెరిగే పిల్లలు ప్రతి మూడు నెలలకు సుమారు ఒక నెల ఎదుగుదల వెనకబడతారన్నది ఈ రంగంలోని వైద్యుల మామూలు లెక్క. కాబట్టి బిడ్డ వయసుకంటే చిన్నగా కనిపిస్తే అదొక్కటే భయపడాల్సిన విషయం కాదు. వీడియో అడగండి. బిడ్డ మనిషి కేసి చూడటం, శబ్దానికి తిరగడం, రెండు చేతులూ వాడటం ఫోటోలో కనిపించవు.

ఫైల్లో “ఆరోగ్యంగా ఉంది” అని ఒక్క ముక్క రాసి ఉంటే దాన్ని సమాధానంగా తీసుకోకండి. ఏ పరీక్ష, ఏ తేదీన, ఫలితం ఏమిటి? ఈ మూడూ ఉన్నప్పుడే అది సమాచారం. వద్దు అని చెప్పే హక్కు కూడా మీకు ఉంది. మోయలేని బాధ్యతకు మొహమాటపడి తల ఊపడం బిడ్డకు చేసే మేలు కాదు.

4. ముందు మీ టీకాలు

బిడ్డ టీకాల గురించే ఆలోచించి మీవి మర్చిపోతారు. తట్టు, హెపటైటిస్ బి టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకోండి. చిన్నపిల్లల్లో హెపటైటిస్ ఏ చాలాసార్లు లక్షణాలు లేకుండానే ఉంటుంది, డైపర్లు మార్చేవాళ్లకు అంటుతుంది. అందుకే ఆ జబ్బు ఎక్కువగా ఉన్న దేశం నుంచి బిడ్డ వస్తుంటే, ప్రయాణం చేయనివాళ్లు కూడా, అంటే ఇంట్లో ఉండే తాతయ్యలు, అమ్మమ్మలు, అన్నలు, అక్కలు, ఆయా, బిడ్డ రావడానికి కనీసం రెండు వారాల ముందే మొదటి డోసు వేయించుకోవడం మంచిది.

5. టికెట్లు, బస

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ప్రయాణానికి రమ్మని అధికారికంగా రాతపూర్వక అనుమతి చేతికి వచ్చాకే టికెట్ కొనండి. “వచ్చే వారం వచ్చేస్తుంది” అన్న ఫోన్ కాల్ అనుమతి కాదు. వెళ్లే టికెట్ మామూలుది కొన్నా ఫరవాలేదు. తిరుగు టికెట్ మాత్రం తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. చవక టికెట్‌లో మిగిలిన డబ్బు ఒక్క మార్పుతో పోతుంది.

ఎన్నాళ్లు అన్నది దేశాన్ని బట్టే. కజకిస్తాన్‌లో కోర్టుకు వెళ్లే ముందు కొన్ని వారాలు బిడ్డతో గడపాలి. బల్గేరియాకు రెండుసార్లు వెళ్లాలి, మొదటిసారి కనీసం ఐదు రోజులు బిడ్డతో ఉండాలి. కొన్ని దేశాల్లో తీర్పు వచ్చాక అప్పీలు గడువు ముగిస్తే గానీ ఉత్తర్వు అమల్లోకి రాదు. తీర్పు రోజే ప్రయాణమని లెక్కేసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ప్రత్యామ్నాయం: మొత్తం కాలం ఇద్దరూ ఉండలేకపోతే, కోర్టు రోజుకు ఇద్దరూ ఉండి తర్వాత ఒకరు వెనక్కి రావచ్చేమో ఏజెన్సీని అడగండి. చాలా చోట్ల కుదురుతుంది. అయితే వెనక్కి వచ్చేవాళ్లు సంతకం పెట్టాల్సిన కాగితం ఏదీ మిగల్లేదని రాయించుకున్నాకే విమానం ఎక్కాలి.

బసకు హోటల్ గది కంటే వంటగది ఉన్న ఫ్లాట్ మేలు. నీళ్లు కాచడానికి, సీసాలు ఉడికించడానికి, అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకుని తిరగడానికి చోటు కావాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు “దత్తత అయిన రోజు నుంచి బిడ్డకు కూడా వర్తిస్తుందా?” అని అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి. అక్కడ దిగగానే మీ ఎంబసీలో పేరు నమోదు చేసుకోండి.

6. బ్యాగులో ఏముండాలి

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ ఎక్కువే పట్టుకెళ్తారు. డైపర్లు, తడి తుడుపుళ్లు రెండు మూడు రోజులకు సరిపడా చాలు, మిగతావి అక్కడే దొరుకుతాయి. బట్టలు బిడ్డ వయసుకు చెప్పిన సైజు, దానికంటే చిన్న సైజు, రెండూ తీసుకెళ్లండి. థర్మామీటరు, ఓఆర్ఎస్ పొట్లాలు, డైపర్ రాపుకు పూత, డాక్టరు బరువును బట్టి డోసు రాసిచ్చిన జ్వరం మందు, బేబీ క్యారియర్, రకరకాల రంధ్రాలున్న పాలసీసా చనుమొనలు. చివరిది ఎందుకో కింద చెబుతాను. అసలు కాగితాలు ఎప్పుడూ చేతి సంచిలోనే, లగేజీలో వేయకండి.

7. బిడ్డను చేతికి అందుకునే రోజు

ఆ గంటలో కెమెరా కంటే నోటుపుస్తకం ముఖ్యం. బిడ్డను చూసుకున్న ఆయాకు తెలిసినంత ఏ ఫైల్లోనూ ఉండదు. ఆమె మళ్లీ దొరక్కపోవచ్చు. దుబాసీని పక్కన కూర్చోబెట్టుకుని ఇవి అడగండి:

- ఏ పాలపొడి, ఎన్ని చెంచాలకు ఎంత నీళ్లు, రోజుకు ఎన్నిసార్లు, ఎంత వేడిగా? పాలలో ఇంకేమైనా కలుపుతారా?
- సీసా చనుమొన రంధ్రం ఎంత పెద్దది? చాలామంది పిల్లలున్న చోట త్వరగా తాగించడానికి రంధ్రం పెద్దది చేస్తారు. దానికి అలవాటుపడ్డ బిడ్డ మీ కొత్త సీసాను పీల్చలేక విసుక్కుంటుంది. పాలు వద్దంటోందని మీరు బెంబేలెత్తుతారు.
- వెల్లకిలా పడుకుంటుందా, పక్కకా? దీపం వెలుగులోనా, చీకట్లోనా? ఒంటరిగానా, ఇంకో బిడ్డ పక్కనా?
- ఏ పేరుతో పిలుస్తారు? ఊరుకోబెట్టడానికి ఏం పాడతారు? వీలైతే ఆ గొంతు రికార్డు చేసుకోండి.
- ఇంతవరకూ వచ్చిన జబ్బులు, వాడిన మందులు, పడని తిండి.
- స్నానం ఎలా? ధార కింద చేయించడం అలవాటైన బిడ్డ టబ్బును చూసి హడలిపోవచ్చు.

బిడ్డ వాడిన దుప్పటి గానీ గుడ్డ గానీ అడిగి తీసుకోండి. ఉతకకండి. వాసన పోతే దాని ప్రయోజనమే పోతుంది. బదులుగా కొత్త దుప్పట్లు ఇచ్చి రావచ్చు, సంస్థ ఒప్పుకుంటే. ఆయాతో, ఆ గదితో ఫోటోలు తీసుకోండి. పెద్దయ్యాక బిడ్డ మొదట అడిగేది అక్కడి ఫోటోలే.

8. మొదటి రోజులు

నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది ఇక్కడే. మీకు ఆ రోజు పండగ. బిడ్డకు మాత్రం తెలిసిన ప్రతి ముఖం, వాసన, భాష ఒక్కసారిగా పోయిన రోజు. అందుకే గుక్కపెట్టి ఏడవచ్చు. లేదా అసలు ఏడవకపోవచ్చు. రోజంతా నిద్రపోవచ్చు, చూపు కలపకపోవచ్చు, తిండి ముట్టకపోవచ్చు, లేదా ఎంత పెట్టినా చాలనకపోవచ్చు. “మా బిడ్డ ఎంత బుద్ధిమంతురాలో, చప్పుడే లేదు” అని మురిసిపోయే వాళ్లకు చెప్పేదొకటే. ఆ నిశ్శబ్దం చాలాసార్లు ముడుచుకుపోవడం. కొన్నాళ్లకు ఏడుపు మొదలైతే భయపడకండి, అది మెరుగైన సూచన.

దంపతుల్లో ఒకరి దగ్గరికే వెళ్లి రెండోవారిని తోసేయడం కూడా మామూలే. మగవాళ్లను ఎక్కువగా చూడని పిల్లలు నాన్నను దగ్గరికి రానివ్వరు. అప్పుడు బిడ్డ వద్దన్న మనిషి పక్కకు తప్పుకోకూడదు. అదే గదిలో, కాస్త దూరంగా, నేల మీద కూర్చుని ఏదో ఆడుతూ ఉండాలి. బలవంతంగా చేతులు మార్చకండి. బిడ్డ దగ్గరకు తీసుకున్న వారు అలసిపోతారు కాబట్టి ఇంటి పని మొత్తం రెండో మనిషిదే.

పాటించాల్సినవి:

- పాలు, తిండి, స్నానం, డైపరు, నిద్ర మొత్తం మీరిద్దరే చూడండి. ఎవరు ఎత్తుకుంటామన్నా సున్నితంగా వద్దనండి. కనబడిన ప్రతివారి మీదకూ బిడ్డ దూకుతుంటే అది చలాకీతనం అనుకోకండి. అమ్మానాన్నలు ఎవరో ఇంకా తేలలేదని అర్థం.
- పాలపొడి వెంటనే మార్చకండి. పాతదే కొనసాగించి, ఇల్లు చేరాక డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి.
- నీళ్లు కాచి, 70 డిగ్రీలకు తగ్గకముందే పొడి కలిపి, తర్వాత చల్లార్చి పట్టండి. కలిపి రెండు గంటలు దాటితే పారబోయండి.
- ఊరు చూడటాలు, బంధుమిత్రులతో వీడియో కాల్స్ కట్టిపెట్టండి. రోజుకు ఒక చిన్న నడక చాలు.

ఆరు గంటలుగా డైపరు తడవలేదా? నడినెత్తి మెత్తటి చోటు గుంతపడిందా? ఏడ్చినా కన్నీళ్లు లేవా? మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీలు లేదా అంతకుమించి జ్వరమా? వీటిలో ఏది కనిపించినా ఫోన్లో సలహాలు వెతక్కుండా ఆస్పత్రికి వెళ్లండి. దగ్గరి ఆస్పత్రి పేరు, దారి మొదటి రోజే రాసి పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. బిడ్డను చూసి మీకే వెంటనే ప్రేమ పొంగకపోవచ్చు. ఇన్నాళ్లు ఎదురుచూసి ఇప్పుడు ఇలా ఉందేమిటని తల్లిదండ్రులు లోలోపల కుమిలిపోతారు, బయటికి చెప్పరు. చెప్పండి. దత్తత తర్వాత దిగులు కమ్ముకోవడం చాలామందికి ఉన్నదే. వారాలు గడిచినా పోకపోతే వైద్యం ఉంది.

9. కౌంటర్ దగ్గరే చదవండి

ఎక్కువ రోజులు తినేది జబ్బులు కాదు, అక్షరదోషాలు. కొత్త జనన ధ్రువపత్రం, దత్తత ఉత్తర్వు, 23వ అధికరణం ధ్రువపత్రం, బిడ్డ పాస్‌పోర్టు, వీసా ఒకదాన్ని చూసి ఒకటి రాస్తారు. మొదటిదాంట్లో ఒక అక్షరం తప్పితే ఐదింటిలోనూ తప్పుతుంది. కాబట్టి మొదటి కాగితం దగ్గరే ఆగి చదవండి:

- బిడ్డ పూర్తి పేరు, వరస. లిపి వేరైన దేశాల్లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ అన్నింట్లో ఒకటే ఉందా?
- పుట్టిన తేదీ. 03/07 అంటే మార్చి 7 కావచ్చు, జులై 3 కావచ్చు. నెల పేరు అక్షరాల్లో ఉన్న అనువాదం అడగండి.
- మీ పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా? ఇంటిపేరు ముందా వెనకా?
- ఉత్తర్వు అమల్లోకి వచ్చిన తేదీ, ముద్ర, సంతకం.
- 23వ అధికరణం పత్రంలో, 17వ అధికరణం కింద ఒప్పుకోలు ఎవరు, ఎప్పుడు ఇచ్చారో రాసి ఉందా? అది లేకపోతే పత్రం అసంపూర్తి.

దంపతుల్లో ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు పాస్‌పోర్టు చూస్తూ వినాలి. ఒక్కరే చదివితే కన్ను తనకు కావాల్సిందే చూస్తుంది. తప్పు కనబడితే “తర్వాత దిద్దిస్తాం” అన్నా కదలకండి. ధ్రువీకరించిన నకళ్లు ఐదారు తీసుకోండి. వెనక్కి వచ్చాక ఒక్క నకలు తెప్పించుకోవడానికే నెలలు పట్టవచ్చు.

10. వైద్య పరీక్ష, వీసా

వీసా కోసం ఎంబసీ గుర్తించిన డాక్టరు దగ్గరే పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష వీసా అర్హతకు మాత్రమే. బిడ్డ ఆరోగ్యం మొత్తం చూశారనుకోవద్దు. అమెరికా వీసాకు, క్షయ ఎక్కువున్న దేశాల్లో రెండేళ్లు నిండిన పిల్లలకు క్షయ రక్తపరీక్ష ఉంటుంది. అనుమానం వచ్చి కఫం కల్చర్‌కు (అందులో క్షయ క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) పంపితే ఎనిమిది వారాల దాకా పడుతుంది. రెండేళ్లు దాటిన బిడ్డయితే ఈ పరీక్షను వీలైనంత ముందుకు జరిపించండి. టీకాలన్నీ అక్కడే హడావిడిగా వేయించనక్కర్లేదు. పదేళ్లు, ఆలోపు వయసున్న దత్తత పిల్లలకు, అమెరికా చేరాక 30 రోజుల్లో వేయిస్తామని డీఎస్-1981 ప్రమాణపత్రం ఇవ్వవచ్చు.

వీసా చేతికి రాగానే దాని రకం చూడండి. ఐహెచ్-3 అంటే దత్తత అక్కడే పూర్తయింది. ఐహెచ్-4 అంటే అమెరికా వచ్చాక పూర్తి చేయాలి. హేగ్ ఒప్పందంలో లేని దేశాలకు ఇవే ఐఆర్-3, ఐఆర్-4. సీలు వేసిన కవరు ఇస్తే తెరవకండి. విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారే తెరవాలి.

11. తిరుగు విమానం

బిడ్డ పాస్‌పోర్టు వచ్చాక విమాన సంస్థకు ఫోన్ చేసి బిడ్డ టికెట్ వేయించండి. ఒళ్లో కూర్చోబెట్టుకున్నా టికెట్ ఉండాలి. ప్రయాణం రోజుకు రెండేళ్లు నిండితే సీటు కొనాల్సిందే. ఉయ్యాల పెట్టే సీటు అడగండి. దానికి బరువు పరిమితి ఉంటుంది, ఏడాది దాటిన బిడ్డకు చాలాసార్లు పట్టదు. మీ దేశంలో మొదట దిగే విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ గదిలో కూర్చోబెట్టవచ్చు, కనుక తర్వాతి విమానానికి కనీసం మూడు నాలుగు గంటల ఎడం ఉంచండి.

విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు సీసా గానీ పాసిఫయర్ గానీ నోట్లో ఉంటే చెవినొప్పి తగ్గుతుంది. బిడ్డ పాలు, కాచిన నీళ్లు 100 మిల్లీలీటర్ల నియమానికి లోబడవు, తనిఖీ దగ్గర ముందే చెప్పి బయటకు తీసి చూపించండి. నిద్రపోవడానికి దగ్గుమందో అలర్జీ మందో పట్టమని సలహా ఇచ్చేవాళ్లు తప్పక ఎదురవుతారు. పట్టకండి. కొందరు పిల్లల్లో అవి నిద్రకు బదులు రెచ్చగొడతాయి, ఊపిరికి కూడా ప్రమాదం. క్యారియర్‌లో ఎదకు కట్టుకుని నడవడమే పనిచేసే మందు. దత్తత ఉత్తర్వు చేతికందే జేబులో ఉంచండి. బిడ్డ పోలిక మీకు లేకపోతే దారిలో ఎక్కడైనా అడుగుతారు.

12. ఇల్లు చేరాక

రెండు వారాల్లోపు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ, సిఫిలిస్, క్షయ, రక్తహీనత, రక్తంలో సీసం, థైరాయిడ్, మలంలో పురుగుల పరీక్షలు అక్కడ చేశారన్నా మళ్లీ చేయించండి. వీటిలో హెచ్ఐవీ, హెపటైటిస్‌లను ఆరు నెలలకు ఇంకోసారి చూడాలి, కొత్తగా సోకినది మొదటి పరీక్షలో దొరక్కపోవచ్చు. టీకాల పుస్తకం నమ్మకంగా లేకపోతే యాంటీబాడీలు చూడటమో మళ్లీ వేయడమో డాక్టరు నిర్ణయిస్తారు. చూపు, వినికిడి పరీక్షలు మర్చిపోతారు, అడిగి చేయించండి.

అమెరికాలో ఉద్యోగం ద్వారా వచ్చిన ఆరోగ్య బీమాలో బిడ్డను చేర్చడానికి సాధారణంగా 30 రోజులే గడువు. దిగిన వారంలోనే చేయండి.

పౌరసత్వాన్ని ఊహకు వదలకండి. 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన అమెరికా చట్టం ప్రకారం ఐహెచ్-3, ఐఆర్-3 మీద వచ్చి పౌరులైన తల్లిదండ్రులతో ఉండే మైనరు పిల్లలు దేశంలో అడుగుపెట్టగానే పౌరులవుతారు, పౌరసత్వ పత్రం పోస్టులో వస్తుంది. ఐహెచ్-4, ఐఆర్-4 పిల్లలకు అమెరికా కోర్టులో దత్తత పూర్తయితేనే. ఆ చట్టం వచ్చేనాటికే 18 దాటినవాళ్లలో, తల్లిదండ్రులు కాగితాలు వేయనందువల్ల పెద్దయ్యాక తాము పౌరులం కాదని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. కొందరిని పుట్టిన దేశానికి తిప్పి పంపేశారు కూడా. పత్రం వచ్చాక బిడ్డ పేరు, తేదీ సరిచూసి, పాస్‌పోర్టుకు కూడా దరఖాస్తు చేయండి.

చివరిగా, బిడ్డ పుట్టిన దేశానికి పంపాల్సిన నివేదికల తేదీలు క్యాలెండర్‌లో వేసుకోండి. ఎన్నేళ్లు, ఎన్ని నెలలకోసారి అన్నది ఏజెన్సీతో రాసుకున్న ఒప్పందంలోనే ఉంటుంది. మొదటివి పంపి ఆ తర్వాతివి ఎగ్గొట్టే కుటుంబాలు చాలా ఉంటాయి. నివేదికలు రావడం లేదన్న కారణంతో దేశాలు మీ తర్వాతి వాళ్ల దరఖాస్తులు ఆపగలవు. ప్రతిదాంట్లో రెండు మూడు ఫోటోలు, ఎత్తు, బరువు, కొత్తగా నేర్చుకున్నవి రాసి పంపండి. పంపిన ప్రతి నివేదిక నకలు బిడ్డ ఫైల్లో పెట్టుకోండి.